ఎడమ పక్క మూట

నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. కాని ముందే చెప్పి పెడుతున్నాను: ఇది ఒక ఆడపిల్ల పెళ్ళిని నిండా ముంచబోయిన కథ. మొదలైంది చావింట్లో. కథ పొడుగునా ముసురు తప్ప వేరే మేళం వినిపించదు. ఆనాడు నేను వెలగబెట్టిన పనికి మా అత్తగారు బతికినన్నాళ్ళూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏమ్మా మూటలమ్మా" అనే పిలిచేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ముద్దుపేరనుకుని మురిసిపోయేవాళ్ళు. ముద్దూ లేదు, మురిపెమూ లేదు. అసలు సంగతి ఇప్పుడు మీకు తెలుస్తుంది.

నయాపైసలు వచ్చిన కొత్త. నాకు ఇంకా ఇరవై నిండలేదు. బోగోలు దాటి సముద్రం వైపు పోతే ఉప్పు పండించే కయ్యల ఒడ్డున మా పాలెం ఉండేది. మా ఆయన అక్కడ బడిపంతులు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేదీ ఆయనే, పెళ్ళిళ్ళలో పాడేదీ ఆయనే, సమాధుల తోటలో పాడేదీ ఆయనే. గొంతు మాత్రం అన్నిచోట్లా ఒకటే. పెళ్ళిపాట పాడినా వినేవాళ్ళకు కళ్ళనీళ్ళు వచ్చేవి.

'పెళ్ళికీ తద్దినానికీ ఒకే మంత్రమా' అని సామెత ఉంది కదా. మా క్రైస్తవుల్లో మంత్రాలు వేరువేరే గాని బట్ట రంగు మాత్రం ఒకటే. పెళ్ళికూతురికి తెల్లచీర కడతాం, పోయిన మనిషికీ తెల్లచీరే కడతాం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే చాలు, నా కథ సగం మీకు తెలిసినట్టే.

మా చర్చి సంఘానికంతా కలిపి ఒకే ఒక్క పెళ్ళిచీర ఉండేది. ఎప్పుడో ఒక దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోతూ మద్రాసులో కొని, ఇక్కడి ఆడపిల్లల కోసమని ఇచ్చి వెళ్ళిందట. తెల్లటి పట్టు, అంచు పొడుగునా వెండిజరీతో ద్రాక్షగుత్తులు. సొంతంగా తెల్లపట్టు కొనుక్కునే తాహతు మా పాలెంలో ఎవరికుంది? అందుకని అందరి పెళ్ళికీ ఆ చీరే. కట్టుకున్న పిల్ల దాన్ని పదిలంగా దాచి, తర్వాతి పెళ్ళికూతురి చేతికి అందించాలి. అది మా ఆచారం. ఆఖరున కట్టుకున్నదాన్ని నేను. తర్వాత కట్టుకోవలసింది మా ఆడబిడ్డ సుగుణ.

సుగుణ పెళ్ళంటే మా ఇంట్లో అందరికీ గుండెల్లో రాయి. అంతకుముందు వచ్చిన సంబంధం, పిల్ల నలుపని చెప్పి తప్పిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల చాలా నెలలు చర్చిలో వెనక బెంచీ మీదే కూర్చుంది. ఇప్పుడు దేవుడు దయతలచి మద్రాసు దారిలోని తడ ఊరి నుంచి ఒక కాంపౌండరు సంబంధం తెచ్చాడు. పిల్లవాడు మంచివాడే. వాళ్ళమ్మ మాత్రం ప్రధానం నాడే కుర్చీలో సర్దుకుని కూర్చుని చెప్పేసింది: "మా వాళ్ళల్లో తెల్లచీర, పెద్దంచు లేకుండా పిల్ల గుడి గడప ఎక్కదు. ముందే చెప్తా ఉండాను." మా అత్తగారు తలెత్తి, "ఉండాది వదినా, మా సంఘంలో ఉండే చీర నెల్లూరులో కూడా లేదు" అంది. అలా మాట ఇచ్చేశాం.

ఇక రెండో చీర సంగతి. పేదింట్లో ఆడమనిషి పోతే కట్టడానికి స్త్రీల సమాజం వాళ్ళు ఎప్పుడూ ఒక తెల్ల మల్లుచీర, అంటే సన్నటి నూలుచీర, కొని ఉంచేవాళ్ళు. దాన్ని దాచే పని మా అత్తగారిది. కాబట్టి మా ఇంట్లో మూతబందులు ఊడిపోయిన ఒక పాత చెక్కపెట్టెలో, ఒకే రకం పంచెముక్కల్లో చుట్టి, వేపాకు వేసి, రెండు మూటలూ పక్కపక్కనే పెట్టి ఉండేవి.

మా అత్తగారికి కంట్లో పువ్వు వేసింది. ఆపరేషనుకని సుగుణను తోడు తీసుకుని కావలి వెళ్తూ, నన్ను పెట్టె ముందు నిలబెట్టి పాఠం చెప్పింది.

"అమ్మాయ్, బాగా ఇను. ఇట్టా నిలబడితే కుడి చేతి పక్కది పెండ్లి మూట. ఎడమ చేతి పక్కది సావు మూట. యాడ ఏది?"

"కుడి పెళ్ళి, ఎడమ చావు, అత్తయ్యా."

"ఇంకోసారి చెప్పు."

"కుడి పెళ్ళి, ఎడమ చావు."

"బండెక్కేదాకా చెప్తానే ఉండు."

బండి కదిలేదాకా వల్లించాను. బాప్తిస్మం ముందు పాదిరి అయ్యగారు అడిగిన ప్రశ్నలకు కూడా నేను అంత బాగా జవాబు చెప్పలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు చావంటే చెడ్డ భయం. ఎంత భయమంటే, ఆ పెట్టెలోంచి ఏం తీయాల్సి వచ్చినా ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడిచేత్తో తీసేదాన్ని. పైగా ఆ ఏడు కార్తీకంలో పట్టిన ముసురు వదల్లేదు. ఊరంతా జ్వరాలు. పొయ్యిలో కట్టెలు మండవు, ఆరేసిన బట్టలు ఆరవు, సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. అత్తగారు లేని ఇంట్లో మా ఆయన బడికి పోతే నేనూ, ఆ పెట్టే. పెళ్ళయ్యాక అంత దిగులు నాకు మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు.

ఒకరోజు పైకప్పు కారి సరిగ్గా పెట్టె మీద బొట్లుబొట్లుగా పడటం మొదలైంది. చీరలు తడుస్తాయని కంగారుపడి, ఈ గోడకున్న పెట్టెను గది అవతల ఆ గోడ దాకా ఈడ్చాను. పెట్టెను ఏమాత్రం తిప్పలేదు సుమండీ, తిన్నగా ఈడ్చానంతే. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా. మూటలు వాటి చోట అవి ఉన్నాయి. నేను నిలబడే వైపే మారిందని, కుడి నాకు ఎడమైందని అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

రెండు రోజులకు తెల్లవారగానే స్త్రీల సమాజం మార్తమ్మ తాటాకు గిడుగు కింద తడుస్తూ వచ్చింది.

"పంతులమ్మా, ఆదెమ్మ పోయింది."

ఆదెమ్మ, ఆమె మొగుడు యోబు తాత ఉప్పు కయ్యల్లో పనివాళ్ళు. మంచి మనిషి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు రొయ్యపప్పు వేయించడం నేర్పింది ఆమే. కళ్ళు చెమర్చాయి.

"సమాజం చీర ఇయ్యి పంతులమ్మా. ఆమె చెల్లెలూ వాళ్ళూ అల్లూరు పక్క నుంచి రేత్రే వచ్చినారు, వాళ్ళే నీళ్ళు పోస్తా ఉండారు."

పెట్టె మూత ఎత్తాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కుడి పెళ్ళి, ఎడమ చావు. ఎడమ చెయ్యి లోపలికి పోనిచ్చాను.

"ఏంది పంతులమ్మా, పాముల బుట్టలో పెట్టినట్టు పెడతా ఉండావు చెయ్యి?"

"భయంగా ఉంది మార్తక్కా."

"చీరేమన్నా కరస్తాదా? తియ్యి, వాన జాస్తి అవతా ఉండాది."

రెండు వేళ్ళతో మూట పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని అందించాను. ఆమె విప్పి చూడనైనా లేదు, గిడుగు కిందికి దోపుకుని పరుగెత్తింది. నేను సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కున్నాను. యేసును సిలువకు అప్పగించిన పిలాతు కూడా అంత శ్రద్ధగా కడుక్కుని ఉండడు.

మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. పాట ఎత్తాలి కాబట్టి మా ఆయన అందరికంటే ముందు బయలుదేరాడు, వెంట నేనూ వెళ్ళాను. తాటాకు ఇంట్లో బడి బెంచీల మీద శవపెట్టె పెట్టారు. ఆదెమ్మను అందులో పడుకోబెట్టి నడుము దాకా దుప్పటి కప్పారు. యోబు తాత తలవైపు నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ధైర్యం తెచ్చుకుని దగ్గరికి పోయి చూశాను.

ఆదెమ్మ భుజం మీద ద్రాక్షగుత్తులు.

నా కాళ్ళ కింద భూమి కదిలిందంటే అబద్ధం. అది కదిలినా బాగుండేది, అందులోకి పోయేదాన్ని. పాటల పుస్తకంలో పేజీలు వెతుక్కుంటున్న మా ఆయన మోచెయ్యి పట్టి లాగాను.

"ఏమండీ, చీర."

"ఏ చీర?"

"నా చీర."

"నీ చీర నువ్వు కట్టుకునే ఉన్నావుగా."

"నా పెళ్ళిచీరండీ!"

ఆయన పెట్టె వైపు చూశాడు. పుస్తకం చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకుని, తలకిందులుగా తెరిచి, అందులోకే చూస్తూ గొణిగాడు.

"సుగుణ పెళ్ళి వచ్చే బుధవారం."

"ఆ సంగతి నాకు తెలీదా? ఇప్పుడేం చేద్దాం?"

"నన్నడుగుతావేం?"

"మీరు పంతులు గదా."

"నాకు పాటలు వచ్చు. పోయిన మనిషిని లేపి చీర మార్చుకోమనడం రాదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు పెద్దలు. నాకు ఆ నుయ్యి కూడా లేదు. ముందు గొయ్యి, వెనక అత్తగారు. ఆమె ఆ పూటే కావలి నుంచి వస్తోంది మరి.

చెప్పేయాలి, ఎవరూ రాకముందే చెప్పేయాలి అనుకున్నాను. ఆదెమ్మ నన్ను క్షమిస్తుంది, సుగుణ అయితే బతికున్నంత కాలం క్షమించదు. యోబు తాత పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాను.

"తాతా, ఒక చిన్న పొరపాటు..."

"కూర్చో తల్లీ. దాన్ని సూడు. పెండ్లికూతురు మాదిరి లేదా?"

"ఉంది తాతా. అదే నేను..."

"మాకు పెండ్లి యాడ జరిగింది తల్లీ? కరువు నాడు కయ్యల పనికి వచ్చి, అట్టనే కూడి ఉండిపోయినాం. మారుమనసు పొందినాక అయ్యగారు ప్రార్థన చేసి, ఇప్పుడు మీరు మొగుడూ పెండ్లాం అన్నాడు. ఆ పొద్దు కూడా ఇది పనిలో నుంచే వచ్చింది. చీర నిండా ఉప్పు చారలే. తెల్లచీర కట్టుకునే పెండ్లి ఎప్పుడు జరిగినా పోయి గుమ్మం కాడ నిలబడి సూసేది. ఇంటికొచ్చినాక రెండు దినాలు నాతో మాట్లాడేది గాదు."

నేను నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపు వచ్చింది. అది ఆదెమ్మ కోసమో, సుగుణ కోసమో, నా కోసమో నాకే తెలియలేదు. తాత చెయ్యి చాచి దుప్పటిని గడ్డం దాకా లాగాడు. ద్రాక్షగుత్తులు కనిపించకుండా పోయాయి.

"సలి గదా దానికి" అన్నాడు.

జనం వచ్చారు. దుప్పటి సర్దబోయిన ఆడవాళ్ళను తాత దగ్గరికి రానివ్వలేదు. పాపం, దుఃఖంతో మతి చలించిందన్నారు. అంతలో గుమ్మం ముందు ఎద్దుబండి ఆగింది. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, సుగుణ భుజం పట్టుకుని మా అత్తగారు తిన్నగా చావింటికే వచ్చింది. ఆదెమ్మ నుదురు తడిమి, "పోయినావా అక్కా" అని ఏడ్చింది. కాళ్ళు ముట్టుకుందామని చెయ్యి కిందికి పోనిచ్చింది. అక్కడ దుప్పటి కింద నుంచి చీర కుచ్చెళ్ళు కొంచెం బయటికి వచ్చి ఉన్నాయి.

ఏడుపు ఆగిపోయింది. బియ్యంలో రాళ్ళు చూసినట్టు వేళ్ళతో అంచు నలిపి చూసింది. ఒక కంటికి గుడ్డ, రెండో కంటికి చూపు తక్కువ. అయినా ఆ గుంపులో నేనెక్కడున్నానో మొహం సరిగ్గా అటే తిప్పింది.

"అమ్మాయ్."

"అత్తయ్యా."

"కుడా, ఎడమా?"

"ఎడమే అత్తయ్యా."

చుట్టూ ఉన్నవాళ్ళు కంటి ఆపరేషను సంగతనుకున్నారు. అయ్యగారు ప్రార్థన ముగించి, "ఆఖరి చూపు చూడవలసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా అత్తగారు ఏదో చెప్పబోయింది. అంతలోకే యోబు తాత లేచి నిలబడ్డాడు.

"అందరూ సూసేసినారయ్యా. మూత ఎయ్యండి. తొందరగా ఎయ్యండి, నేను తట్టుకోలేను."

మేకులు తనే ఒక్కొక్కటీ అందించాడు. మా అత్తగారు నోరు మూసుకుంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి సుత్తి దెబ్బలు విన్నాను. మా ఆయన పాట ఎత్తాడు. ఆ రోజు ఆయన గొంతు చావుకు తగ్గట్టుగానే ఉంది.

ఇంటికి వచ్చాక అత్తగారు ముందు పెట్టె ఉండే గోడ తడిమి చూసింది. అక్కడ పెట్టె లేదు. గదంతా తడుముకుంటూ పోయి అవతలి గోడ దగ్గర పెట్టెను పట్టుకుంది. ఆమెకు అర్థమైపోయింది. పెట్టె మీదే కూలబడింది.

"ఆదెమ్మ జన్మంతా ఉప్పు మోసింది. కట్టుకోని పోనీ, దాని రుణం అట్టుండాది. మరి నా బిడ్డకేది?"

గోడ వైపు తిరిగి పడుకున్న సుగుణ ఒక్కసారి లేచి అరిచింది.

"తవ్వి తెండి! నాకు తెలీదు, పొయ్యి తవ్వి తెండి!"

కాసేపటికి ఆ పిల్లే మళ్ళీ వెక్కుతూ, "వొద్దులే. నా నోట్లో మన్ను బడ. అట్టా అన్నానే" అని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నా మీద అరిచినా బాగుండేదనిపించింది. అందరికంటే చిన్నది, అంత మాట అని, తనే దిద్దుకుంది. నేను మాత్రం మూలన నిలబడి ఉన్నాను, ఊడ్చి మరిచిపోయిన చీపురులా.

కావలి పోయి ఇంకో చీర తెద్దామా అంటే ఆ రాత్రికే వాగు పొంగి దారి తెగింది. ఉన్నది పెట్టెలో మిగిలిన ఆ మల్లుచీర ఒక్కటే.

"సావు చీర నేను కట్టుకోను" అంది సుగుణ.

"ఎవురూ కట్టకముందే అది సావు చీర ఎట్టా అవతాదే?" అంది అత్తగారు. "అంగట్లో ఉన్నప్పుడు దానికేమన్నా తెలుసా, నేను యాడికి పోతానో అని?"

అల్లిక పని నాకు బాగా వచ్చు. మిషను బడిలో నేర్చుకున్న విద్య అదొక్కటే పనికొచ్చింది. దిండుగలేబులకు, బల్లగుడ్డకు, నా లంగాలకు ఉన్న లేసంతా విప్పి, చాలనిదానికి కొత్తది అల్లి, జానెడు అంచు కుట్టడం మొదలుపెట్టాను. నీలిమందు పెట్టాం, గంజి పెట్టాం, ఆరక నిప్పుల కుంపటి మీద పట్టుకుని ఆరబెట్టాం. అత్తగారు ఒంటి కన్నుతో దారం ఉండ పట్టుకుని కూర్చునేది. సరిగ్గా పని సగానికి వచ్చేసరికి మార్తమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"పక్కింటి రాహేలమ్మకు ఎగశ్వాస పట్టింది. ఈ రేత్రి గడిచేది కష్టం."

మేం ముగ్గురం చీర వైపు చూశాం. ఆమె వెళ్ళాక అత్తగారు తీర్పు చెప్పింది.

"ఈ గుడ్డ సమాజం సొత్తు. రాహేలమ్మ ముందు పోతే రాహేలమ్మది. పెండ్లి ముందైతే సుగుణది. మన తప్పుకు పేదరాలి గుడ్డ దొంగిలించేది లేదు."

"అత్తయ్యా, అట్లయితే..."

"అట్లయితే పోయి ప్రార్థన చెయ్యండి."

చేశాం! మా కుటుంబం అలాంటి ప్రార్థన అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. రాహేలమ్మ మంచం చుట్టూ మోకాళ్ళూని, ప్రభువా ఈమెను బుధవారం దాకా... అని మా ఆయన మొదలెట్టి, నేను గిల్లితే, "ఇంకా ఎన్నో ఏళ్ళు కాపాడు" అని సర్దుకున్నాడు. సుగుణ కాళ్ళకు ఆవనూనె రాసింది. నేను మిరియాల కషాయం పట్టాను. అత్తగారు విసురుతూనే కూర్చుంది. ఎవరూ లేని ముసలమ్మ, కట్టిన గొంతుతో, "మీకు నేనేమవతానని ఇంత చేస్తా ఉండారమ్మా" అని ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. కాని మొదట చీర కోసం చేసిన సేవే రెండో రోజుకు నిజంగా ఆమె కోసమైంది. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు, అల్లిక సంగతి నాకు గుర్తే రాలేదు. మంగళవారం పొద్దుటికి అల్లిక ఇంకా సగంలోనే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం రాహేలమ్మ లేచి కూర్చుని చేపలపులుసు అడిగింది. ఆ రాత్రంతా కూర్చుని నేను అంచు పూర్తి చేశాను. బుధవారం కర్ర పొడుచుకుంటూ పెళ్ళికి కూడా వచ్చింది.

తడ పెళ్ళివారు వాగు తగ్గాక ఆ తెల్లవారుజామునే వచ్చారు. తెల్లటి మల్లుచీర, జానెడు లేసంచు, నెత్తిన ముసుగు. సుగుణ చర్చిలోకి నడిచి వస్తుంటే బెంచీల మీది తలలన్నీ అటే తిరిగాయి. పెళ్ళికొడుకు తల్లి అంచు పట్టి తిరగేసి చూసింది.

"ఏమి చీర వదినా ఇది! యాడ తీసినారు? మద్రాసా?"

"దేవుడిచ్చినాడు" అంది మా అత్తగారు.

"మా చిన్నమ్మాయికి కూడా ఇట్టాంటిదే కావాల."

"అంత తొందరెందుకు లెండి" అన్నాను నోరు జారి. మా ఆయన దగ్గాడు. రాహేలమ్మ వచ్చి చీర చెంపకు ఆనించుకుని, "ఎంత మెత్తంగా ఉండాదే! నేను పోయినప్పుడు నాకు ఇట్టాంటిది కట్టండమ్మా" అంది. ఈసారి ఇంటిల్లిపాదీ దగ్గాం. పెళ్ళివారు పాపం, చలిగాలికి జలుబు చేసిందనుకున్నారు.

అందరూ విందుకు కూర్చున్నారు. యోబు తాత మాత్రం కూర్చోలేదు. గంట స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడి నన్ను చేత్తో పిలిచాడు. దగ్గరికి పోతే చేతులు జోడించాడు.

"తల్లీ, నేను దొంగను."

"అదేం మాట తాతా?"

"ఆ చీర సమాజం చీర గాదని నాకు తెలుసు. నీ పెండ్లికి పెట్రోమాక్సు దీపం మోసింది నేనే. ఆ ద్రాక్షగుత్తులు నా దీపం వెలుగులోనే గదా మెరిసింది. ఆదెమ్మ ఒంటి మీద సూడంగానే గుర్తుపట్టినా. నువ్వు అడగడానికే వచ్చినావని కూడా తెలుసు."

ఆయన జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించాను.

"అందుకే దుప్పటి పైకి లాగినా. ఆడోళ్ళను దగ్గరికి రానీలా. నీ నోరు కట్టెయ్యాలనే మా పెండ్లి కథ ఎత్తినా. అబద్ధం గాదు తల్లీ, జరిగిందే చెప్పినా. అయితే ఆ పొద్దు చెప్పింది మాత్రం అందుకే. మీ అత్త అంచు పట్టుకున్నప్పుడు ఇంక అయిపోయిందనుకోని మేకులు అందిచ్చినా. ఒక్కసారి, ఒక్కసారి దాన్ని అట్టా పంపాలని ఆశ పడినా. తిరిగి ఇయ్యలేను. ఏం శిక్ష ఏస్తారో ఎయ్యండి."

అంత పెద్దాయన నా ముందు తలవంచుకుని నిలబడ్డాడు. "అన్నం తినండి తాతా, చల్లారిపోతుంది" అన్నాను. పంక్తిలో నేనే కూర్చోబెట్టి వడ్డించాను. ఆయన తింటూ ఏడ్చాడు. నేను పప్పు వేస్తూ ఏడ్చాను.

ఆ ఆదివారం అత్తగారు సమాజం వాళ్ళకు నిజం చెప్పేసింది. నేను చెప్పగా విన్న తాత మాట ఎత్తకుండా తప్పంతా నా ఎడమ చేతి మీదే వేసింది. లేసంచు చీరే ఆనాటి నుంచి సంఘం పెళ్ళిచీర అయింది. సమాధికి కొత్త మల్లుచీర కొన్నారు గాని దాన్ని మాత్రం మా ఇంట్లో పెట్టలేదు. నేను బైబిలు మీద చెయ్యి పెట్టి, ఇకమీదట పొరపాటున ఎవరికీ పెళ్ళిబట్టలు కట్టి సమాధికి పంపనని అత్తగారి ముందు ప్రమాణం చేశాను.

ఆ ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు. మరుసటి ఏడు ముసురులోనే యోబు తాత పోయాడు. కొడుకులు దూరాన ఉన్నారు, ఒంటి మీద చిరుగుల చొక్కా తప్ప ఇంకేం లేదు. ఆయనకు నీళ్ళు పోసేవాళ్ళు బట్ట అడగడానికి వస్తే, కళ్ళు బాగా తెరుచుకుని, కుడిచేత్తో, దండెం మీద నుంచి మా ఆయన పెళ్ళికోటు తీసి ఇచ్చాను. ప్రమాణం పొరపాటు గురించే గదా. తెలిసి ఇవ్వకూడదని నేనెక్కడన్నాను?

శవపెట్టె పక్కన నిలబడి పాటల పుస్తకం తెరవబోతూ మా ఆయన లోపలికి చూశాడు. నల్లకోటులో యోబు తాత పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"ఏమే, అది నా కోటు."

"అవును."

"పొరపాటునా?"

"కాదు. తెలిసే."

తలాడించాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మనిషి, అందుకే కాపురం చేశాను. అంతలో మూత పెట్టేశారు, మేకులు కొట్టేశారు. అప్పుడు ఉలిక్కిపడి నా చెవి దగ్గర వంగాడు.

"లోపలి జేబులో నా పెన్ను ఉందే! హెడ్మాస్టరు బహుమతిగా ఇచ్చిన పెన్ను!"

జీవితంలో ఒక్క అక్షరం రాయని యోబు తాత ఆ పెన్ను గుండెల మీద పెట్టుకుని ఆదెమ్మ పక్కన పడుకున్నాడు. అందుచేత ఇప్పుడు మీ అందరి ముందూ, కుడిచెయ్యి ఎత్తి, కళ్ళు తెరిచి, ఘనంగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరిని ఏ బట్ట కట్టి సాగనంపినా సరే, ఇకమీదట జేబులు తడమకుండా మాత్రం పంపను.